దూదికి ఇష్టమేనా?

కాదు మనవరాలా, అంత తొందరపడకు. నేను మెల్లగా చెప్తాను, నువ్వూ మెల్లగా రాయి. నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి సగం సంగతులు నీకు తెలియవు. తెలియనిచోట సొంత మాటలు కలపకు. నాకు చదువు రాకపోయినా చెవులు బాగానే పనిచేస్తాయి, మళ్ళీ చదివించుకుంటాను.

ముందు మీ అమ్మమ్మ కోరిక రాయి. అది రాయకపోతే చదివేవాళ్ళకి ఇదంతా పిల్లి గొడవలాగే కనిపిస్తుంది.

మేం దూదేకులవాళ్ళం. నేను దూది ఏకితే మీ అమ్మమ్మ కాశింబీ పరుపులు కుట్టేది. చీరాలలో లాడ్జీలకి, ఆస్పత్రులకి, కొత్తగా పెళ్ళయినవాళ్ళకి అన్నీ ఆమె కుట్టినవే. బస్టాండు పక్కన లాడ్జీ ముందు నుంచి నడుస్తుంటే కిటికీల వంక చూసి, "ఆ పైగదిలో పరుపు కుంగిపోయుంటది, విప్పదీసి మళ్ళీ ఏకాల" అనేది. ఊరంతా ఆమె కుట్టిన వాటి మీద పడుకుంటుంటే ఆమెకి ఒకటే కోరిక.

"ఇంకోళ్ళు కుట్టిన పరుపు మీద ఒక్కసారి పడుకోవాలయ్యా. లోపల ఏం కూరారో, టాకా కుట్లు ఎంతెంత దూరాన ఏశారో చూడకుండా, కళ్ళు మూసుకుని పడుకోవాల."

"చూడకుండా నువ్వు పడుకుంటావా?" అనేవాణ్ణి.

"చూస్తాననుకో. చూసి పడుకుంటా."

మీ అమ్మ షంషాద్ ఆస్పత్రిలో నర్సు కదా. ఏళ్ళ తరబడి అడిగితే ఒకసారి సెలవు దొరికింది. అమ్మానాన్నల్ని విమానం ఎక్కించి శ్రీలంక తీసుకెళ్తానంది. సముద్రం ఒడ్డున హోటలు, ఫోన్లో బొమ్మ చూపించింది. నీళ్ళు పచ్చగా, నీలంగా ఉన్నాయి. మీ అమ్మమ్మ సముద్రం వైపు చూడనే లేదు. రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి మంచం దగ్గర ఆగింది.

"అంచు కుట్టు మిషనుది. చేతికుట్టు కాదు" అంది. మొహం మాత్రం వెలిగిపోయింది.

అంతా బాగానే ఉంది, దూది సంగతే తేలలేదు. దూది అంటే మా పిల్లి. చిన్నప్పుడు ఎక్కణ్ణుంచో వచ్చి ఏకిన దూది కుప్పలో దూరితే, కళ్ళు తెరిచేదాకా ఎక్కడుందో మాకు కనపడలేదు. అంత తెలుపు. దానికి ఒక బుల్లి పరుపు కుట్టింది మీ అమ్మమ్మ, మూల ముక్కలతో. ఆ పరుపు మీద తప్ప అది నిద్రపోదు. మీ అమ్మమ్మ చేత్తో పెడితే తప్ప చేపముక్క ముట్టదు.

వదిలేసి పోదాం, పక్కింటివాళ్ళు చూసుకుంటారని నేనన్నాను. బుట్టలో పెట్టి తీసుకుపోదామని మీ అమ్మమ్మ. విమానంలో భయపడుతుందేమోనని మీ అమ్మ. ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే ఇంట్లో తేలిపోయే విషయం. కానీ ప్రభుత్వం మాకు ఆ శ్రమ లేకుండా చేసింది.

ఆ ఏడాది దేశమంతా జంతువుల మనసుల మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఎవరో ఆసామి కుక్కని విదేశం తీసుకెళ్ళి సముద్రం ముందు నిలబెట్టి ఫొటో దిగాడంట. ఆ కుక్క మొహం దిగాలుగా ఉందని ఫోన్లలో జనం ఏడ్చారు. అది ఆవలిస్తోందని చెప్పినవాళ్ళని తిట్టారు. వెంటనే చట్టం వచ్చింది. విదేశం పోయేవాళ్ళు పెంపుడు జంతువుని తీసుకుపోవాలంటే దాని సమ్మతి కావాలి. వదిలిపోవాలన్నా దాని సమ్మతి కావాలి. పత్రం లేకపోతే విమానం దగ్గర యజమానుల్నే ఆపేస్తారు. దీనికోసం జిల్లాకొక ఆఫీసు పెట్టారు. జంతు ప్రయాణ సమ్మతి కార్యాలయం. మూడంతస్తుల మేడ, గుమ్మంలో కుక్కదీ, పిల్లిదీ, చిలకదీ సున్నం బొమ్మలు.

దూదిని బుట్టలో పెట్టుకుని ముగ్గురం వెళ్ళాం. అక్కడ పెద్దాఫీసరు వైకుంఠరావుగారు. మణికట్టు నిండా ఎర్రదారాలు, నల్లదారాలు, బల్ల మీద మూతపెట్టిన నీళ్ళ గ్లాసు. ఆయన మనతో మాట్లాడడు, ఎవరో రాసుకుంటున్నట్టు మాట్లాడతాడు.

"సదరు జంతువును వెంట తీసుకువెళ్ళదలచినచో దాని సమ్మతి అవసరం. విడిచి వెళ్ళదలచినచో దాని సమ్మతి మరింత అవసరం" అన్నాడు.

"అయ్యా, దానికి మాటలు రావు గదా" అన్నాను.

"మాటలు రానివారి అభీష్టాన్ని నమోదు చేయడమే ఈ కార్యాలయపు విశిష్టత. మాటలు వచ్చినవారికి వేరే కార్యాలయాలు ఉన్నాయి."

పద్ధతి చెప్పాడు. హాల్లో ఆయన బల్ల ముందు నేల మీద తెల్లగీత. ఆయనకి ఎడమ చేతివైపు మూత తీసిన సూట్‌కేసు, లోపల మెత్తటి గుడ్డ. కుడి చేతివైపు గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా. జంతువుని గీత మధ్యలో వదలాలి. ఎవరూ పిలవకూడదు, తోయకూడదు. పెట్టెలోకి పోతే వస్తానన్నట్టు, పట్టా మీదికి పోతే ఉంటానన్నట్టు. ఆఫీసరుగారు స్వనేత్రాలతో చూసి సంతకం పెట్టాలి.

నాకు నచ్చింది. నిజం చెప్తున్నాను. పిల్లికి మనసుంటుంది, దాన్ని అడగడంలో తప్పేముంది అనుకున్నాను.

మీ అమ్మమ్మ దూదిని గీత మీద దింపింది. అది ముందు కాలు నాక్కుంది. చుట్టూ చూసింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, బల్ల ముందు నుంచి తాపీగా నడుచుకుంటూ పోయి పెట్టెలో చుట్ట చుట్టుకుని పడుకుంది. 

"చూశావా! వస్తానంటంది!" అని మీ అమ్మమ్మ నా చెయ్యి గిల్లింది.

నేను ఆఫీసరుగారి వంక చూశాను. కలం మూత తీసి ఉంది. మొహంలో నెత్తురు లేదు. ఆయన కలానికి మూత పెట్టాడు, గ్లాసు మూత తీశాడు, నీళ్ళు తాగాడు, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"ఎదురొచ్చింది" అన్నాడు మెల్లగా. అప్పుడు మాత్రం మనిషిలాగే మాట్లాడాడు.

పక్కన సూపరింటెండెంటు అనసూయాదేవిగారు అడిగింది. "సంతకం, సార్?"

"పిల్లి ఎదురొచ్చాక సంతకమా? మతి ఉండే అడుగుతున్నావా?"

ఆమె ఫైల్లో రాసుకుంటూ పైకి చదివింది. "అనివార్య పరిస్థితుల దృష్ట్యా వాయిదా."

ఇక్కడ ఆయన్ని తిట్టకు మనవరాలా, ఇంకా టైముంది. ఆ పట్టింపు మాకూ ఉంది. మా నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని బయల్దేరినప్పుడు పిల్లి అడ్డమొస్తే వెనక్కొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అయితే మా నాయన పిల్లుల ఆఫీసులో ఉద్యోగం చేయలేదు.

బయటికొచ్చాక మీ అమ్మ అనసూయాదేవిగారిని ఆపింది. "మేడం, పిల్లులకి ఇక్కడ పత్రాలు ఇస్తారా అసలు?"

"ఎందుకివ్వం? కుక్కలవి చకచకా అయిపోతున్నాయి. చిలకలవీ పర్లేదు." ఆమె ఒక గది తలుపు కొంచెం తీసి చూపించింది. నేల నుంచి సీలింగు దాకా ఫైళ్ళు. "ఇవి పిల్లులవి. పిల్లి నడవకపోతే సమ్మతి లేదు. నడిస్తే సంతకం లేదు. ఏం చేస్తాం చెప్పండి, రూల్సు రాసినవాళ్ళకి కుక్కలుండేవి."

"ఆ సంగతి పైవాళ్ళకి రాయకూడదా?"

"ఏమని రాస్తామమ్మా? ఆఫీసరుగారు శకునం చూస్తారని రాస్తే ఆయన పరువేం కాను? అందరిదీ ఒకటే పరువు కదా" అని తలుపు మూసేసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మ ఉపాయం చెప్పింది. "అయ్యా, మీరు అటు తిరిగి కూర్చోండి. అది మీ వెనకమాల పోతది. ఎదురొచ్చినట్టు గాదు."

"స్వనేత్రాలతో వీక్షించవలెనని నిబంధన."

"ఎదురుగోడకి అద్దం పెట్టుకోండి. అద్దంలో చూసినా కళ్ళు మీయే గదా."

ఆఫీసరుగారు చాలాసేపు ఆమె వంక చూశాడు. తర్వాత అనసూయాదేవిగారిని పిలిచి, "మా సుదీర్ఘ పరిశీలన ఫలితంగా పరోక్ష వీక్షణ విధానాన్ని ప్రవేశపెట్టుచున్నాము, రాసుకోండి" అన్నాడు.

బట్టల షాపులో ఉండేంత అద్దం వచ్చింది. ఆఫీసరుగారు కుర్చీ తిప్పించుకుని, హాలుకి వీపు పెట్టి, అద్దం వంక చూస్తూ కూర్చున్నాడు. దూదిని వదిలాం. ఈసారి అది కాలు కూడా నాక్కోలేదు. తిన్నగా పోయి పెట్టెలో పడుకుంది. పెట్టె గుర్తుపట్టింది.

"కుడి వైపునకు వెళ్ళినది" అన్నాడు ఆయన అద్దంలో చూస్తూ. "రాసుకోండి."

మీ అమ్మ లేచి నిలబడింది. "సార్, అది పెట్టెలోకి వెళ్ళింది. పెట్టె ఎడమ వైపుది కదా. మీరు అటు తిరిగి కూర్చున్నారు, అందుకని..."

"ఫారంలో పెట్టె అని లేదమ్మా. ఎడమ, కుడి అని ఉంది. ఎడమ అనగా ప్రయాణం. కుడి అనగా నివాసం. నాకు కుడి వైపు కనబడినది."

"కళ్ళముందు పెట్టెలో పడుకునుంది సార్! కాస్త ఇటు తిరిగి చూడండి!"

"ఇటు తిరిగితే ఎదురు వస్తుంది" అన్నాడు ఆయన ఓపిగ్గా, చంటిపిల్లకి చెప్పినట్టు.

ఈ గోలకి దూది లేచింది. అద్దంలో ఇంకో తెల్లపిల్లిని చూసింది. ఎవరబ్బా అనుకుందేమో, తోక నిటారుగా పెట్టి ఆఫీసరుగారి కాళ్ళ ముందు నుంచి నడిచి అద్దం దగ్గరికి పోయి మూతి ఆనించింది. ఆ పిల్లి కూడా మూతి ఆనించింది.

"రెండు!" అని ఆఫీసరుగారు గుండె పట్టుకున్నాడు. "ఒకేసారి రెండు!"

నీళ్ళ గ్లాసు వెనక బల్ల మీదుంది. లేద్దామంటే కాళ్ళ ముందు పిల్లి, లేవకపోతే దాహం. చివరికి అనసూయాదేవిగారు గ్లాసు తెచ్చి అందించింది. ఆయన తాగి, కాస్త తేరుకుని, "ఆ రెండవ జంతువు యజమాని ఎవరు?" అన్నాడు.

ఆమె ఫైల్లో రాసింది. వివరములు తెలియరాలేదు అని రాసిందంట, మీ అమ్మ తొంగి చూసింది.

సంతకం ఆ రోజూ పడలేదు. కానీ కుడి అని రాసింది మాత్రం ఉండిపోయింది. దూది లంకకి రాను అన్నట్టు లెక్క. మీ అమ్మమ్మకి నేనే సర్దిచెప్పాను. పోన్లే, రానంటే వదిలేసి పోదాం, నీ పరుపు నీకుంటుంది అన్నాను. అదే మాట అనసూయాదేవిగారికి చెప్పాను.

"అదెట్లా కుదురుతుంది పెద్దాయనా? రాననడం వేరు, మీరు లేకుండా ఉంటాననడం వేరు. నివాసం అంటే మీతో నివాసం, ఒంటరిగా ఉంటానని మీ పిల్లి ఎక్కడంది? దానికి ఇంకో దరఖాస్తు పెట్టుకోవాలి."

"రానన్న కాయితం మీద సంతకమే లేదు గదమ్మా. అది చెల్లదు గదా?"

"ఆపడానికి సంతకం అక్కర్లేదు పెద్దాయనా. వదలడానికే కావాలి."

ఈ ముక్క కింద గీత గియ్యి, నగీనా. నేను చాలా ఆఫీసులకి పరుపులు మోశాను. అన్ని ఆఫీసుల గుట్టూ ఆ ఒక్క మాటలో ఉంది.

మీ అమ్మ సెలవు దగ్గరపడింది. ఆమె పైవాళ్ళకి అర్జీ పెట్టింది. పెట్టకుండా ఉంటే బాగుండేది. పైనుంచి ఒక నిపుణుణ్ణి పంపించారు. డాక్టర్ ప్రభంజన్. జంతువుల మనసు చదవడంలో విదేశాల్లో తర్ఫీదు పొందాడంట. మా ఇంటికే వచ్చాడు. చాప వేస్తే కూర్చోలేదు, దూది పరుపు ముందు గొంతుక్కూర్చుని, దానికి శ్రీలంక ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. సముద్రం, ఏనుగులు, టీ తోటలు. దూది మొదటి ఏనుగు దగ్గరే నిద్రపోయింది.

"ఇది నిద్ర కాదు" అన్నాడు.

"మరేంది?" అంది మీ అమ్మమ్మ.

"మౌన నిరసన. సమాచార లోపం వల్ల కలిగిన నిరసన. చూడని ప్రదేశానికి సమ్మతి ఎలా ఇస్తుంది? మీరు చెప్పినా నమ్మదు. యజమానుల మీద దానికి విశ్వాసం లేదు."

మీ అమ్మమ్మకి కోపం వస్తే నీకు తెలుసు కదా. "నా మీద దానికి నమ్మకం లేదా? యాడ నేర్చుకున్నావయ్యా ఈ చదువు? నా చేత్తో పెట్టందే మెతుకు ముట్టదు అది! నువ్వు పెట్టు, ఇదిగో చేప, పెట్టి చూడు!"

ఆయన పెట్టాడు. దూది కళ్ళు తెరిచి, ఆయన్నీ చేపనీ చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"నిరసన తీవ్రమవుతోంది" అని రాసుకున్నాడు.

ఆయన నివేదిక నాలుగు రోజుల్లో వచ్చింది. ఆఫీసరుగారు మమ్మల్ని పిలిచి నిలబడి చదివాడు. దాంట్లో సారం ఇది. జంతువు తరఫున ఒక నిష్పాక్షిక అధ్యయన బృందం సదరు దేశానికి వెళ్ళాలి. జంతువు బస చేయబోయే హోటల్లోనే, ఆ గదిలోనే, అన్ని రోజులూ ఉండి, అక్కడి గాలి, నీరు, ఆహారం, పడక అనుభవించి, తిరిగి వచ్చి జంతువుకి విన్నవించాలి. అప్పుడు అది ఆలోచించుకుని నిర్ణయిస్తుంది. బృందంలో వైకుంఠరావుగారు, డాక్టర్ ప్రభంజన్, అనసూయాదేవిగారు.

"ఎప్పుడు వెళ్తారు సార్?" అంది మీ అమ్మ.

"మీరు ఎంచుకొన్న తేదీలలోనే. గది కూడా మీరు ఖరారు చేసినదే. మీరెలాగూ వెళ్ళడం లేదు కదా."

మీ అమ్మమ్మ ముందుకొచ్చి ఒకటే అడిగింది. "ఆ గదిలో పరుపు మీద పడుకుంటారా?"

"నిశ్చయంగా. శయన సౌఖ్యాన్ని బృంద సభ్యులు స్వయంగా పరీక్షిస్తారు."

మీ అమ్మమ్మ ఇంటికొచ్చేదాకా బస్సులో కిటికీ వంకే చూస్తూ కూర్చుంది. ఆమె అరిస్తే నేను భయపడను, గమ్మున ఉంటేనే భయం.

ప్రయాణం రోజు పొద్దున్నే జీపు మా వీధిలోకి వచ్చింది. దూది పరుపు కావాలంట, హోటలు పరుపుతో పోల్చి చూడటానికి. అనసూయాదేవిగారు కొత్త చెప్పులేసుకుంది. డాక్టరుగారి మెడలో దుర్భిణి. ఆఫీసరుగారు పూల చొక్కా, నెత్తిన గడ్డిటోపీ. మీ అమ్మమ్మ బుల్లి పరుపు దులిపి, మడిచి, జీపులో వెనక సీటు మీద తనే పెట్టింది. చాలా మర్యాదగా పెట్టింది. డ్రైవరు బండి స్టార్టు చేశాడు.

అప్పుడు చంకలో ఉన్న దూదిని కింద దింపింది. వీధికి అటువైపు అరుగు మీద చేపతల ఉంది. ఎవరు పెట్టారో నేను చెప్పను.

దూది జీపు ముందు నుంచి తాపీగా అటు దాటింది.

"ఆపు!" అని లోపల్నుంచి కేక. జీపు ఆగింది. ఆఫీసరుగారు దిగి, మా అరుగు మీద కూర్చుని, నీళ్ళడిగి తాగాడు. కాసేపు కూర్చుని లేచాడు. ఎక్కారు. బండి కదిలింది. ఈలోపు ఇటువైపు ఇంకో చేపతల ఎట్లా వచ్చిందో వచ్చింది. దూది ఇటు దాటింది.

మళ్ళీ దిగారు. మళ్ళీ నీళ్ళు. వీధిలో జనం మూగారు. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి నవ్వుకుంటున్నాడు. మా పక్కింటి నూరమ్మ పనులు మానుకుని కుర్చీ తెచ్చుకుంది.

"అమ్మా, ఆ జంతువును పట్టుకోండి! విమానం వెళ్ళిపోతుంది!" అన్నాడు ఆఫీసరుగారు.

"దాని ఇష్టం లేకుండా ఎట్టా పట్టుకుంటానయ్యా?" అంది మీ అమ్మమ్మ, కళ్ళు ఇంత చేసుకుని. "చట్టం ఒప్పుకోదు గదా. మీరే జెప్పారు."

"మరి ఏం చేయమంటారు?"

"కాయితం మీద సంతకం పెట్టండి. దాన్ని చంకనేసుకుని మేం లంకకి పోతాం. ఇంక మీకెవురూ ఎదురు రారు."

"ఎదురొచ్చాక సంతకమా!" అని ఆయన ఏడుపుగొంతుతో అన్నాడు.

చూడు మనవరాలా, అక్కడ ఏమైందో. ఆ ఫైళ్ళ గదిలో ఇన్నాళ్ళూ ఎవరు ఇరుక్కున్నారో అక్కడే ఆయనా ఇరుక్కున్నాడు. పిల్లి నడిస్తే కదలడానికి లేదు. పట్టుకోవడానికి లేదు. నాకు కడుపు నిండింది. నూరమ్మ చప్పట్లు కొట్టింది. మీ అమ్మ లోపలికి పోయి మీ అమ్మమ్మ చీరలు పెట్టెలో సర్దడం కూడా మొదలుపెట్టింది, ఇక సంతకం పడుతుందని.

కానీ మనం ఆఫీసుని తక్కువ అంచనా వేశాం.

అనసూయాదేవిగారు జీపులోంచి తల బయట పెట్టింది. "సార్, ఒక మాట. ఎదురు రావడమంటే బయటి పిల్లి రావడం. మన బండిలో మన పక్కన కూర్చున్న పిల్లి ఎదురు ఎట్లా అవుతుంది? అది తోడు అవుతుంది కదా?"

ఆఫీసరుగారు టోపీ తీశాడు. "అనగా?"

"దాన్ని కూడా బృందంలో వేసేద్దాం సార్."

"సమ్మతి లేకుండానా?" అన్నాడు డాక్టరు. "అది నైతికంగా..."

"డాక్టరుగారూ, డ్యూటీ మీద పంపేటప్పుడు ఉద్యోగికి ఇష్టమా కాదా అని ప్రభుత్వం ఎప్పుడైనా అడిగిందా? నన్నడిగారా? మిమ్మల్నడిగారా?"

ఆఫీసరుగారు జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని ఆయనే రాశాడు. దూదిని అధ్యయన బృందంలో సభ్యురాలిగా, మార్జాల ప్రతినిధి హోదాలో, తక్షణం నియమిస్తున్నట్టు. కలం మూత తీశాడు. ఇన్నాళ్ళూ మేం కళ్ళు కాయలు కాసేలా చూసిన సంతకం ఒక్క ఊపులో పడిపోయింది. కింద గీతా, గీత కింద రెండు చుక్కలూ కూడా పెట్టాడు.

"నా పిల్లిని నేనియ్యను!" అని మీ అమ్మమ్మ దూదిని గుండెకి హత్తుకుంది.

"ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించడం నేరం" అన్నాడు ఆఫీసరుగారు. మళ్ళీ కాగితం గొంతు వచ్చేసింది ఆయనకి.

మీ అమ్మ బయటికొచ్చి తల్లి భుజం పట్టుకుంది. వద్దమ్మా అంది. మీ అమ్మమ్మ వదల్లేదు. అప్పుడు దూదే చంకలోంచి జారింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ తొయ్యలేదు. నడుచుకుంటూ పోయి, జీపెక్కి, వెనక సీటు మీద మడిచిన తన పరుపు వెతుక్కుని, కాళ్ళతో పిసికి మెత్తగా చేసుకుని పడుకుంది. దానికి కావలసింది ఆ పరుపే. మొదటి రోజు నుంచీ అది చెప్తున్నది ఒకటే, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడికి పోతానని. అంత సులువైన మాట రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో చోటు లేదు.

మీ అమ్మమ్మ చూస్తూ నిలబడింది. కళ్ళు తుడుచుకుని, "పోనీలే. ఇంట్లో ఒక్కళ్ళన్నా చూసొస్తారు" అంది.

నేను జీపు దగ్గరికి పోయాను. "అయ్యా, మరి మా సంగతి?"

"జంతువు స్వయంగా ప్రదేశాన్ని పరిశీలించి తిరిగి వచ్చాక, తన నిర్ణయం తెలియజేస్తుంది. ఈలోగా మీరు దేశం విడిచి వెళ్ళరాదు. పిల్లి ఇంట్లో లేని సమయంలో యజమానులు వెళ్ళిపోయినచో దాన్ని వదిలివెళ్ళినట్లే కదా."

జీపు వెళ్ళిపోయింది. ఈసారి ఎదురు రావడానికి ఎవరూ లేరు.

మీ అమ్మ సెలవు ఇంట్లో గిన్నెలు తోముతూ అయిపోయింది. బృందం ఇంకా రాలేదు. దూది నివేదిక ఇవ్వడం లేదంట, ఇచ్చేదాకా అక్కడే ఉండమని పైనుంచి పొడిగించారంట. అనసూయాదేవిగారు మంచిది, మీ అమ్మ ఫోన్‌కి ఒక ఫొటో పంపింది. పెద్ద మంచం, తెల్లదుప్పటి. నడిమధ్యన రెండు పచ్చటి కళ్ళు. పక్కన కుర్చీలో ఆఫీసరుగారు గడ్డిటోపీతో కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకున్న జంతువుని సమ్మతి లేకుండా లేపకూడదని రూలు ఉందంట. అది వాళ్ళు రాసిందే.

మీ అమ్మమ్మ రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది. దూదిని చూసింది. తర్వాత అంచు దగ్గరికి జరిపింది.

"నేను జెప్పలా? మిషను కుట్టే."

నాకు ప్రాణం ఊరుకోలేదు. నేను జీవితంలో ఏకడమే తప్ప కుట్టలేదు. బూరుగు దూది ఏకి, గుడ్డ తెచ్చి, ఆమెకి కనపడకుండా నూరమ్మ ఇంట్లో కూర్చుని, వేళ్ళు పొడుచుకుంటూ పరుపు కుట్టాను. ఇంకోళ్ళు కుట్టిన పరుపే కదా అడిగింది. నిన్న మధ్యాహ్నం పరిచి పడుకోమన్నాను. పడుకుంది. కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం పక్కన పాకుతూ పోయి ఒక టాకా దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి ఇంకోదాని దగ్గరికి.

"ఏమయ్యా, ఇది పరుపా, గతుకుల రోడ్డా?"

లేచి, దబ్బనం తెచ్చుకుని, టాకాలన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. ఇప్పుడు చాలా బాగుంది. ఇప్పుడది ఆమె కుట్టిన పరుపే.

కాబట్టి ఆమె కోరిక అట్లాగే ఉంది. రాసుకో.

ఇది ఆఫీసరుగారికి చదవకు. వింటే వాయిదా వేస్తాడు. డాక్టరుకీ వద్దు, దీంట్లో ఇంకేదో నిరసన కనిపెడతాడు. దూది తిరిగొచ్చాక దానికి చదివి వినిపించు, తల్లీ. ఆ బృందంలో చూసింది చూసినట్టు చెప్పగలిగింది అదొక్కటే. ఆ హోటలు పరుపు ఎట్లా ఉందో మీ అమ్మమ్మ అడగమంది, అదీ అడుగు.

చదివే ముందు మాత్రం కింద దింపి, వినడం ఇష్టమేనా అని అడుగు. నీ ఎదురుగా దాటుకుని వెళ్ళిపోయిందనుకో, ఇష్టం లేదని అర్థం. కాగితం మడిచి పక్కన పెట్టెయ్. నీళ్ళు తాగనక్కర్లేదు.